పెంకుల నీళ్లు

ఆమె బేకరీలో కేకుల పిండి కలుపుతుంది. పొద్దుటి పూటంతా గుడ్లు కొట్టడంతోనే సరిపోతుంది. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఎండలు ముదరకముందే ఒకరోజు డ్యూటీ దిగి, డిపోలో బల్ల మీద నడుం వాల్చినవాడు మళ్లీ లేవలేదు.

ఆమె ఏడవలేదు. దుఃఖం దిగమింగుకుందన్నారు కొందరు. రాతిగుండె అన్నారు కొందరు. నిజానికి ఆమెకేమీ అనిపించలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినా తెలియనట్టు, మనిషి మొత్తం అలా అయిపోయింది. పనికి వెళ్లేది, వచ్చేది, తోడికోడలు వడ్డిస్తే తినేది.

మిద్దె మీద భర్త పెంచిన టమాటా కుండీలున్నాయి. గుర్తొస్తే నీళ్లు పోసేది, లేకపోతే లేదు. కాయలన్నీ పండకుండానే అడుగున నల్లబడి కుళ్లిపోతున్నాయి.

"వదినా, ఇవి తీసి పారేద్దామా? ఎందుకూ కొరగాకుండా పోయాయి," అన్నాడు మరిది.

"నీ ఇష్టం."

అతను కుండీ ఎత్తబోతుంటే, పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న నర్సమ్మ ఆపింది.

"ఉండు బాబూ. వాటికి కాల్షియం అందట్లేదు, అంతే. ఏమ్మా, మీ బేకరీలో గుడ్డు పెంకులేం చేస్తారు?"

"పారేస్తాం."

"కొన్ని పట్టుకురా. నీళ్లు కూడా గుర్తొచ్చినప్పుడు కాదు, రోజూ పొయ్యి. వేళ్లకి తడుంటేనే ఆ కాల్షియం పైకెక్కేది."

ఎవరేం చెబితే అది చేసే రోజులవి. తెచ్చింది. నర్సమ్మ చెప్పినట్టే లోపలి పొర తీసి, కడిగి, పెనం మీద దోరగా వేయించి, పొడి కొట్టింది. సీసాలో వెనిగర్ పోసి, పొడి కొంచెం కొంచెంగా వేసింది. బుసబుసా నురగ పొంగింది.

"మూత బిగించేవు, సీసా పేలుతుంది," అని నర్సమ్మ పక్కింటి కిటికీలోంచి కేకేసింది.

నురగ తగ్గిందేమోనని ఆమె వంగి చూసింది. వెనిగర్ ఘాటు గుప్పున ముక్కుకు తగిలి, కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే వంటింట్లోకి వచ్చిన తోడికోడలు చూసి, చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"ఏడ్చెయ్యక్కా, ఏడిస్తే తేలికపడతావు," అంటూ వీపు నిమిరింది. ఆమెను పట్టుకుని తనే వెక్కివెక్కి ఏడ్చింది.

వెనిగర్ వల్లేనని చెబుదామనుకుని ఆమె ఊరుకుంది. ఆ పిల్ల చెయ్యి వెచ్చగా ఉంది. అంతవరకు మాత్రం తెలిసింది.

బుడగలు ఆగాక వడగట్టి, బకెట్టు నీళ్లలో చెంచాడు కలిపి ఆకుల మీద చల్లింది. రోజూ నీళ్లు పోసింది. నల్లబడ్డవి బాగుపడలేదు, కోసి పారేసింది. తర్వాత పట్టిన పిందెలు మాత్రం మచ్చ లేకుండా ఎదిగి ఎర్రబడ్డాయి.

మొదటి పండు కోసి, పిట్టగోడ దగ్గరే నిలబడి కొరికింది. పుల్లగా ఉంది. పండంతా తిని, చెయ్యి కుచ్చిళ్లకు తుడుచుకుంది. మిగతావి కొంగులో వేసుకుని, నర్సమ్మను పిలిచి పిట్టగోడ మీదుగా కొన్ని అందించింది.

"బాగున్నాయా?" అని అడిగింది నర్సమ్మ.

"పుల్లగా ఉన్నాయి," అని చెప్పి, ఆమె పనికి తయారవడానికి కిందికి దిగింది.