తెల్లహంసకు కోసిన కంతలు

మా అమ్మ చెల్లెలు హిల్లే పిన్ని పదకొండేళ్లు ఓడలోనే కాపురం చేసింది. ఓడ పేరు తెల్లహంస. సీబ్రన్ బాబాయి అందులో ఫ్రాన్సు నుంచి ఉప్పు మోసుకొచ్చేవాడు. మా ఊరు హోర్న్ రేవులో హంస తెరచాప కనబడగానే పిల్లలమంతా పరుగెత్తేవాళ్లం. మేం ఎక్కేసరికి పిన్ని అట్లు పోస్తూ ఉండేది.

మా దేశానికి ఇంగ్లీషువాళ్లతో మొదటి యుద్ధం వచ్చినప్పుడు ఓడలు చాలక ప్రభుత్వం వర్తకుల ఓడల్ని అద్దెకు తీసుకుంది. వడ్రంగులొచ్చి ఫిరంగుల కోసం హంస పక్కల్లో కంతలు కోశారు. ఒకటి సరిగ్గా పిన్ని మంచం దగ్గర.

“ఏమయ్యా, అక్కడ నేను తల పెట్టుకుంటాను,” అంది పిన్ని.

“ఇకనుంచి ఫిరంగి పెట్టుకుంటుందిలేమ్మా,” అన్నాడు వడ్రంగి, రంపం ఆపకుండా.

పిన్ని పరుపు చుట్టుకుని మా ఇంటికొచ్చేసింది.

వేసవి చివర బాబాయి హంసతో యుద్ధం నుంచి తిరిగొచ్చాడు. తెరచాపలు సగమే మిగిలాయి. తొమ్మిదిమంది మనుషులు పోయారు.

“వాళ్ల ఓడలు ఒకదాని వెనక ఒకటి బారుగా నిలబడతాయి హిల్లే. రెండంతస్తుల ఫిరంగులు, గోడలాగ. మనది ఉప్పు మోసేది. దాన్ని వాటి ఎదురుగా ఎలా నిలబెట్టను?”

“వెనక్కి తిప్పాల్సింది.”

“తిప్పితే మనవాళ్లే తిట్టారు.”

ఆ తర్వాత ప్రభుత్వం సొంతంగా పెద్ద యుద్ధనౌకలు కట్టించింది. వర్తకుల ఓడలు ఇక అక్కర్లేదంది. పిన్ని సంబరపడింది. బాబాయి మాత్రం రెండ్రోజులు ఓడలోనే ఒక్కో కంతా కొలుస్తూ గడిపాడు. కంతలకు పలకలు కొట్టించి మళ్లీ ఉప్పుకు బయల్దేరారు. కానీ కోసిన పక్కల్లో బలం లేదు. అలలకు నీరు కారి సరుకు కరిగిపోయేది. మూడేళ్లకు హంసను విప్పి కలప అమ్మేశారు.

ఓడ నడపడం తప్ప బాబాయికి వేరే పని రాదు. మళ్లీ యుద్ధం రాగానే కొత్త నౌకలో చేరాడు. సాగనంపడానికి పిన్నితో నేనూ వెళ్లాను. ఎటు చూసినా ఫిరంగులే.

“ఇందులో పొయ్యెక్కడ?” అని అడిగింది పిన్ని.

మూడు వందల మందికి ఒకటే ఇటుక పొయ్యి. బఠానీలు ఉడుకుతున్నాయి. పిన్ని గరిటె అందుకుని ఒకసారి కలిపింది.

“అడుగంటుతోంది నాయనా,” అని వంటవాడికి చెప్పి మెట్లు దిగింది. దారంతా నా చెయ్యి వదల్లేదు.

బాబాయి ప్రాణాలతోనే వచ్చాడు, వినికిడి మాత్రం చాలావరకు పోయింది. యుద్ధం సంగతి ఎవరడిగినా చెప్పేవాడు కాదు. బాల్టిక్ సముద్రపు మంచులో హంస ఇరుక్కున్న పదిరోజుల గురించి చెప్పేవాడు. ఎక్కడైనా తప్పితే పిన్ని ఆయన చెవి దగ్గర అరిచి సరిదిద్దేది. ఆ పోట్లాట వినడానికే మేం వెళ్లి కూర్చునేవాళ్లం.