దొర సమాధి మీద నెత్తళ్లు

విజయనగరంలో అపార్టుమెంట్లకు ప్లాన్లు గీసి బతుకుతున్నవాణ్ణి. నేను గీసిన ఇళ్లలో కాపురం ఉంటున్నవాళ్లకు బిల్డరు పేరు తెలుసు, నా పేరు తెలియదు. అందుకే, వందేళ్ల కిందట మన వైపు వచ్చిన ఒక ఇంగ్లీషు ఆర్కిటెక్టు జీవితం రాసిపెట్టమని పాత కట్టడాల సంఘంవాళ్లు అడగ్గానే ఒప్పుకున్నాను. మా వృత్తిలో ఒక్కడికైనా పేరు రావాలని నా కడుపుమంట.

ఆ జీవితం చిన్నదే. దొర శ్రీకాకుళంలో ఒక మార్కెట్టు కట్టాడట. మంచు పడితే జారిపోయేలా కప్పు బాగా ఏటవాలుగా పెట్టాడు. మంచు పడలేదు, తుఫానుకు పెంకులు లేచిపోయాయి. కళింగపట్నంలో రేవు బంగళా కట్టాడు. ఓడలు రావడం మానేశాయి. ఆమదాలవలస దారిలో చర్చి కట్టాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అదీ పోయింది. చివరికి జ్వరంతో మంచం పట్టి, తన సమాధి తానే గీసుకున్నాడట. మిగిలింది అదొక్కటే.

అది కళింగపట్నంలో ఎక్కడో ఉందని విని, వెతికి ఫొటో తీసి, చుట్టూ ఇనుప కంచెకు కొలతలు తెమ్మని సంఘం నన్ను పంపింది. వెళ్లాను. సమాధి బల్లపరుపు రాయి నిండా నెత్తళ్లు, వేలెడంత చేపలు, ఆరబోసి ఉన్నాయి. పక్కన ఒక ముసలమ్మ కాకుల్ని తోలుతోంది.

"ఇది సమాధి కదమ్మా," అన్నాను కోపంగా.

"దొరబాబుది. నాకు తెల్దేటి? రోజూ కడగతన్నాను. మా అత్త బతికున్నప్పుడు ఆవిడికి కూడా ఇంత సేవ సెయ్యనేదు."

నిజమే. పగిలిన మూలను తనే సిమెంటు తెచ్చి మెత్తింది. రాయి ఒక పక్కకు కాస్త వాలుగా ఉంది. నీరు నిలవదు, ఇసక అంటదు. ఇసక అంటిన నెత్తళ్లు ఎవరూ కొనరు. దొర కట్టినవాటిలో ఇప్పటికీ జనానికి పనికొస్తున్నది ఇదేనని నాకు అక్కడే తెలిసింది.

టేపు తీస్తుంటే ఎందుకని అడిగింది. కంచె సంగతి చెప్పాను.

"కంచె ఏసేస్తే నానెక్కడ ఆరబెట్టుకోను బాబూ? మా ఇల్లు దీని మీదే నడస్తన్నాది." ఒక కాకిని అదిలించి, "ఆ బాబుకి పిల్లలు నేరేటి?" అంది.

"లేరు."

"మరి కంచె ఏసినాక కడిగీది ఎవులు?"

మా సంఘంలో కడిగేవాళ్లు లేరు. అందరూ సన్మానాలు చేసేవాళ్లే. టేపు చుట్టేశాను.

పుస్తకం వచ్చింది. చివరి పేజీలో 'ఆయన సమాధి ఎక్కడుందో తెలియరాలేదు' అని రాశాను. వెళ్లావు కదయ్యా, ఏం చూశావని సంఘం అధ్యక్షుడు గదమాయించాడు. నెత్తళ్లు చూశానన్నాను. అబద్ధం కాదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు వెళుతుంటాను. మొన్న ముసలమ్మ నెత్తళ్లు పక్కకు జరిపి నన్ను రాయి మీద కూర్చోబెట్టింది. నా పని ఏమిటో చెప్పాను. చచ్చి ఇంతకాలమైన మనిషి మీద అసూయగా ఉందని కూడా చెప్పాను.

"నువ్వు కట్టించినవాటి మీద సేపలు ఎండుతాయా?" అని అడిగింది.

"లేదమ్మా. డాబా మీదకి వెళ్లే తలుపుకి తాళం వేసి ఉంచుతారు."

నా వంక జాలిగా చూసి, దోసెడు నెత్తళ్లు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది.