నలుగుకి లొంగని మెడ

నా పెళ్లికి నలుగు పెడుతూ మా మేనత్త, మెడ వెనకున్న నల్లటి చారను పీచుతో తెగ తోమింది. "ఏట్రా ఈ మట్టి? పెళ్లికొడుకువి, తానం సెయ్యవా?" అంది. చార పోలేదు గానీ, ఆ పూట పెళ్లికళంతా నా మెడకే వచ్చింది.

తర్వాత జ్వరమొచ్చి నరసన్నపేట వెళితే, డాక్టరుగారు ఆ మెడ చూసి రక్తపరీక్ష చేయించారు. "ఇది మట్టి కాదు. మీ ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యట్లేదు. షుగర్ ఇంకా రాలేదు. ఇప్పట్నుంచే అన్నం, తీపి తగ్గించి, రోజూ నడవండి" అన్నారు.

అత్తకి చెప్పాను. ఇప్పుడు ఏ పెళ్లిలో నలుగు పెట్టినా ముందు పెళ్లికొడుకు మెడ తోమి చూస్తుంది. నలుపు వదలకపోతే పీచు పక్కన పడేసి, పెళ్లికొడుకు ముందు చెయ్యి చాపుతుంది.

"ఒరే, ఆ లడ్డూ ఇలాగిచ్చీ."