మాస్టారు తాగని నీళ్లు

అది కరోనా తగ్గాక వచ్చిన రెండో వేసవి. వట్లూరులో ఒక నర్సింగ్ కాలేజీ ట్యూటర్‌గా నా ఆఖరి సంవత్సరాలు. మూడో సంవత్సరం విద్యార్థులను తాడేపల్లిగూడెం ఆసుపత్రి ఒకదానిలో వృద్ధుల వార్డుకు క్లినికల్ పోస్టింగ్ మీద తీసుకువెళ్లాను. పోస్టింగ్‌లో ఒక్కొక్కరికి ఒక రోగిని అప్పగిస్తాం. మందులు సిస్టర్లు ఇస్తారు. తిండి, నీళ్లు, ఒళ్లు తుడవడం, మాటామంతీ విద్యార్థి పని.

కొల్లేటి లంక నుంచి వచ్చిన మౌనికకు సూర్యనారాయణ మాస్టారిని అప్పగించాను. అత్తిలిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తుంటి ఎముక విరిగి మంచం దిగే వీలు లేదు. ఆపరేషన్ త్వరగా అయితే నడుస్తారు, ఆలస్యమైతే ఇక మంచమే గతి.

మౌనిక వచ్చినప్పుడల్లా నీళ్లు తాగారా అని అడిగేది. తాగానమ్మా అనేవారు. మూత్రం సంగతి అడిగితే, పొద్దున మా అబ్బాయి చూశాడులే అనేవారు. ఆమె రెండూ చార్టులో ఎక్కించేది. మాస్టారంతటి వారి మాటను ఎవరు కాదంటారు?

ఆపరేషన్ ముందురోజు ఆయన మౌనికను చూసి, రెండో బెంచీ, లేచి నిలబడు అన్నారు. కొడుకునేమో పోస్ట్‌మ్యాన్ అనుకున్నారు. వయసండీ అన్నాడు కొడుకు. పక్షవాతమేమోనని డాక్టరు గారి అనుమానం. నొప్పి మందు పడలేదేమోనని నాది. మౌనిక అంతకుముందు వారమే మతిమరుపు జబ్బు పాఠం వింది కాబట్టి అదేనంది. తలొక మాట! ఆపరేషన్ మాత్రం వాయిదా పడింది. నేనేం తక్కువ చేశాను మేడమ్ అని ఆ పిల్ల వరండాలో ఏడ్చింది.

రక్తపరీక్షలో ఒంట్లో నీరు బాగా తగ్గిందని తేలింది. ఇలాంటి కారణాలతో పెద్దవాళ్లకు ఉన్నట్టుండి మతి చెదిరితే డెలీరియం అంటాం. కారణం సరిచేస్తే చాలావరకు తేరుకుంటారు. మా అయోమయం మాత్రం రెట్టింపైంది. చార్టు నిండా నీళ్లే కదా. ఆయన మంచం పక్కన పెట్టే నీళ్ల సీసా కూడా రోజూ ఖాళీ అయ్యేది. ఎండన పడి వచ్చిన పక్క మంచం చుట్టాలు దాన్ని తాగేస్తున్నారని తర్వాత తెలిసింది.

సెలైన్ పెట్టాక ఆయన నెమ్మదిగా మామూలు మనిషయ్యారు. అప్పుడు పక్కన కూర్చుని, నీళ్లెందుకు తాగలేదని అడిగాను.

"మా అబ్బాయి పొద్దున వచ్చి వెళ్లిపోతాడండీ. ఆపైన ఉండేది మా మనవరాలి ఈడు పిల్లండీ. ఆ పిల్ల చేత మూత్రం గిన్నె పట్టించుకోమంటారా? తాగకపోతే ఆ అవసరమే రాదనుకున్నానండీ. తాగలేదంటే నొచ్చుకుంటుందని తాగానన్నాను."

కోపం వచ్చింది, జాలీ వేసింది. రోగికి సేవ చేయడంలో ఆడా మగా లేదని పాఠం చెప్పేదాన్ని నేనే. అలాగని ఎనభై ఏళ్ల మనిషి సిగ్గును జబ్బుగా లెక్కకట్టి మందు వేయగలమా? అది నాకు ఇప్పటికీ తేలలేదు. విద్యార్థిని మార్చేస్తానంటే మౌనిక ఒప్పుకోలేదు. తనే ఆయన దగ్గరికి వెళ్లింది.

"మాస్టారండీ, ఆ పనికి ఆపరేషన్ థియేటర్ నుంచి మగ నర్సు గారొస్తారండీ. నేను వరండాలోకి వెళ్లిపోతాను. నీళ్లు మాత్రం నా ఎదురుగానే తాగాలండీ."

ఆయన గ్లాసు ఎత్తి ఆగకుండా తాగారు. ఇంకో గ్లాసు అడిగారు. ఆ వారంలోనే ఆపరేషన్ అయింది.

ఆ తర్వాత నేను తీసుకువెళ్లిన ప్రతి బ్యాచ్‌కీ వార్డు గుమ్మంలోనే ఒక మాట చెప్పాను. మంచం మీదున్న పెద్దవాళ్లను నీళ్లు తాగారా అని అడగబోయే ముందు, మూత్రానికి ఎవరు సాయం రావాలో అడగండి.