ట్యూబ్‌లైట్ ఉద్యోగం

ఆ రోజుల్లో, అంటే రెండువేల రెండు ప్రాంతంలో, మాలాంటివాళ్ళకు అమెరికా మొత్తం ఒక ఫోన్ కాల్ మీద ఆధారపడి ఉండేది. మోగితే ఉంటాం, మోగకపోతే పెట్టె సర్దుకుంటాం. ప్రాజెక్టు లేక పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో గోళ్ళు గిల్లుకుంటున్న నాకు చివరికి ఒక ఇంటర్వ్యూ వచ్చింది. అది పోతే వీసా కూడా పోయినట్టే. కార్‌లో దింపడానికి వచ్చిన మా గుంటూరు రూమ్మేట్, "ఒరే ట్యూబ్‌లైటూ, ఆయన అడిగింది అర్థమయ్యాకే నోరు తెరువు. నీకసలే లేటుగా వెలుగుద్ది" అని దీవించాడు. (నిన్నటి జోకుకి ఇవాళ నవ్వే మనిషిని. ఆ పేరు ఊరికే రాలేదు.)

ఇంటర్వ్యూ చేసిన తెల్లజుట్టు పెద్దాయన వయసులో ఉన్నప్పుడు వైమానిక దళంలో పనిచేశాడట. శత్రు విమానాలు వస్తాయేమోనని ఆకాశాన్ని కాపలా కాసే కంప్యూటర్లు చూసుకునేవాడట. "అన్నీ ట్యూబులే. మనిషి చంద్రుడి మీద దిగి వచ్చాక కూడా ఏళ్ళ తరబడి వాటితోనే నడిపాం" అన్నాడు మురిసిపోతూ. ట్యూబులనగానే నా బుర్రలో మా వంటింటి ట్యూబ్‌లైటు వెలిగింది. నోరు ఊరుకోదుగా! "లో వోల్టేజీలో మిణుకుమిణుకుమనేవా సర్? స్టార్టర్ తిప్పి చూసేవాళ్ళా?" అని అడిగేశాను.

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. సర్దుకోవలసిన పెట్టె నా కళ్ళముందు మెదిలింది. ఏం చేయాలో తోచక మా ఇంటి దీపం సంగతీ, నా ముద్దుపేరు సంగతీ చెప్పేశాను. ఆయన బల్ల చరిచి నవ్వాడు. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే వాల్వులుంటాయే, అవట ఆ ట్యూబులు! "అయినా నువ్వడిగింది తప్పేం కాదు. మేమే కావాలని వోల్టేజీ అటూ ఇటూ మార్చి చూసేవాళ్ళం. నీరసించిన ట్యూబు ముందే బయటపడేది, మార్చేసేవాళ్ళం. పైగా మిషన్లు ఎప్పుడూ జంటగా ఉండేవి. ఒకటి కాపలా కాస్తుంటే రెండోది సిద్ధంగా ఉండేది" అని కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "ఇక్కడ మాత్రం ఒకటే ఉంది" అన్నాడు. కంప్యూటర్ గురించే అనుకుని, "రెండోది కొనేద్దాం సర్" అన్నాను. మళ్ళీ నవ్వి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఆ మాట నాకు వెలగడానికి కొన్నేళ్ళు పట్టింది. రిటైరయ్యే రోజున తనకు తప్ప ఇంకెవరికీ అంతుపట్టని పాత ప్రోగ్రాములన్నీ నాకు అప్పగించి, కేక్ తిని, "ఇక నా స్విచ్ ఆపేయొచ్చు" అంటూ ఆయన కారెక్కాడు. ఆ ఒకటి ఆయనేనని అప్పుడు తెలిసింది. పార్కింగ్ లాట్‌లో నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. కొత్తగా చేరిన మన తెలుగు కుర్రాడు (ఇక్కడే పుట్టాడు, ఆఫీసులో అంకుల్ అనొద్దురా అంటే వినడు) "అంకుల్, ఈ ఓల్డ్ సిస్టమ్ మనం ఎప్పుడు రిటైర్ చేస్తాము?" అని అడుగుతుంటాడు. "ఇక్కడ ఒకటే ఉంది నాన్నా" అంటాను. వాడు తిరిగి కంప్యూటర్ల గదివైపు చూస్తాడు.

వెలుగుతుందిలే, తొందరేముంది.