విద్యావతక్క చలికాలపు పత్తలు

అశోక్ నగర్‌లో మేం కిరాయికి ఉన్న ఇల్లు విద్యావతి గారిది. వాళ్ళు కింద, మేం పైన. వయసులో నాకంటే చాలా పెద్దదే అయినా మొదటి రోజే తనను అక్కా అని పిలవమంది. నారాయణగూడలోని ఒక ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్ళకు పైగా డ్రాయింగ్ టీచరుగా పనిచేసింది. 2009లో ఆ బడివాళ్ళు డ్రాయింగ్ పీరియడ్లు తీసేసి లెక్కలకు ఇచ్చారు. ఆమెను లైబ్రరీలో కూర్చోమన్నారు. బొమ్మలు నేర్పడానికి వచ్చినదాన్ని, బీరువాలకు కాపలా ఉండడానికి కాదని చెప్పి ఇంటికి వచ్చేసింది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతులో కోపం ఉండేది కాదు.

జోస్యానికి వాడే టారో కార్డులు ఆమె చేతికి అనుకోకుండా వచ్చాయి. చెల్లెలి కూతురు రచన బెంగళూరులో మోజుపడి కొనుక్కుంది. మోజు తీరాక పండక్కి వచ్చినప్పుడు ఇక్కడే వదిలేసి వెళ్ళింది. విద్యావతక్క వాటిని ముందు బొమ్మలుగానే చూసింది. ఎవరు గీశారో, ఆ రంగే ఎందుకు వేశారో ఆలోచిస్తూ ఒక్కొక్కటే తిప్పేది. ఆమె భర్త బాలకిషన్ గారికి నారాయణగూడలో కరెంటు సామాన్ల దుకాణం ఉండేది. ఆయన వాటిని పత్తలు అనేవారు. పేకాటకు పనికిరాని పత్తలు ఎందుకని నవ్వేవారు. ఆ పేరే ఇంట్లో స్థిరపడింది.

మా గల్లీ నిండా కోచింగ్ పిల్లలు. ఒక అమ్మాయి వచ్చి కార్డు తీసింది, ఆమె ఇంకో ఇద్దరిని తీసుకొచ్చింది. సాయంత్రాలు వరండాలో చిన్న బల్ల వేసుకుని కూర్చునేది అక్క. జోస్యం చెప్పనని ముందే చెప్పేది. కార్డు తీసి, బొమ్మలో నీకేం కనబడుతోందో చెప్పమనేది. వాళ్ళు బొమ్మ గురించి మొదలుపెట్టి, కాసేపటికి తమ గురించి చెప్పుకునేవారు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేని మాటలు, హాస్టల్లో ఎవరూ వినని మాటలు అక్కడ బయటికి వచ్చేవి. చివర్లో టీ ఇచ్చి పంపేది. పైసా తీసుకునేది కాదు.

2012 చలికాలం మొదట్లో శ్రీదివ్య అనే అమ్మాయి వచ్చింది. వాళ్ళది ఆదిలాబాద్ దగ్గర పల్లె. ఎదురు గల్లీలో హాస్టల్‌లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతోంది. అప్పటికి రెండుసార్లు తప్పింది. ఆమె తీసిన కార్డులో నల్ల కవచం వేసుకున్న అస్థిపంజరం గుర్రమెక్కి ఉంది. దాని కాళ్ళ కింద మనుషులు పడి ఉన్నారు. అది చావు కార్డు. ఇది మనిషి చావు కాదు, ఒక దశ ముగిసి ఇంకోటి మొదలవడమని అక్క నెమ్మదిగా వివరించింది. ఆ అమ్మాయి అన్నిటికీ తలూపింది, టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

తర్వాత రెండు రోజులకు ఆమె రూమ్మేట్ పొద్దున్నే వచ్చింది. శ్రీదివ్య అన్నం తినడం లేదట, క్లాసుకు రావడం లేదట. వాళ్ళ నాన్నకు ఈ మధ్య గుండె ఆపరేషన్ అయిందట. ఆ కార్డు ఆయన కోసమే వచ్చిందని నమ్మి, చదువు మానేసి ఇంటికి పోతానని బ్యాగు సర్దుకుందట.

అక్క లేచి, టిఫిన్ డబ్బాలో అన్నం, పప్పు పెట్టుకుంది. నన్నూ రమ్మంది. హాస్టల్ గదిలో శ్రీదివ్య బ్యాగు పక్కన నేలమీద కూర్చుని ఉంది. అక్క కూడా చీర సర్దుకుని ఆమె ఎదురుగా నేలమీదే కూర్చుంది.

"మీ బాపుకు ఫోన్ చేసినవా?" అని అడిగింది.

లేదంది ఆ అమ్మాయి. ఏం వినాల్సి వస్తుందోనని భయమేసిందట.

"నా ముంగట చెయ్యి. ఏమున్నా ఇద్దరం కలిసి విందాం."

ఆ అమ్మాయి నంబరు నొక్కింది. అవతల ఫోన్ ఎత్తింది తండ్రే. క్లాసు టైములో ఈ ఫోనేంది బిడ్డా అని ఆయన కోప్పడడం మాకు కూడా వినబడింది. శ్రీదివ్య ఏడుస్తూనే నవ్వింది. ఆ తర్వాత అక్క కలిపి పెట్టిన అన్నం తింది.

తిరిగి వస్తూ అక్క ఇంటి గేటు దగ్గర ఆగి అంది: "నేను నోటితోని ఎంత మంచిగ చెప్పినా ఆ పిల్ల కన్ను బొమ్మ మీదనే ఉండె. ఇన్నేండ్లు పిల్లలకు బొమ్మలు నేర్పిన. మాటకన్న ముందు బొమ్మ పోయి తాకుతదని నాకు తెల్వాలె గద."

ఆ రోజే ఆ కార్డులు బీరువాలో పెట్టేసింది. పిల్లలు వస్తే కబుర్లు చెప్పి, టీ ఇచ్చి పంపేది. కానీ కార్డు చేతిలో లేకపోతే వాళ్ళు అంతగా మాట్లాడలేకపోతున్నారని ఆమెకు తొందరగానే అర్థమైంది. వేరే రకం బొమ్మలున్న కార్డులు కూడా దొరుకుతాయని నేను చెప్పాను. కంప్యూటర్‌లో కొన్ని చూపించాను. తెర మీద చూసి కొననంది. చేత్తో పట్టుకుని చూడాలంది.

బేగంపేటలో రంగురాళ్ళు, అగరొత్తులు, విదేశీ బొమ్మలు అమ్మే దుకాణం ఒకటి ఉందని తెలిసి ఇద్దరం ఆటోలో వెళ్ళాం. అక్కడి అమ్మాయి ఉత్సాహంగా బంగారు అంచుల కార్డులు తెచ్చి సూర్యుడు, నక్షత్రం, ప్రేమికులు వరుసగా పరిచింది. నిజంగా చాలా అందంగా ఉన్నాయి. నేనైతే అవే కొనేదాన్ని.

అక్క వాటిని పక్కకు జరిపింది. "మంచియి అందరు మంచిగనే గీస్తరమ్మా. ముందుగాల భయపెట్టేటియి చూపియ్యి," అంది.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. అక్క ఒక్కొక్కటీ అడిగి తీయించింది. చావు, పిడుగు పడి కూలే బురుజు, వీపులో కత్తులతో బోర్లా పడ్డ మనిషి, నిద్రపట్టక మంచం మీద ముఖం కప్పుకున్న ఆడమనిషి. బంగారు అంచుల వాటిలో కత్తుల మీది నెత్తురు కూడా మెరుస్తోంది. వద్దంది. పిల్లుల బొమ్మలున్న కార్డులు నవ్వు తెప్పించాయి. కష్టంలో వచ్చిన పిల్లకు నవ్వులాటగా ఉంటే అవమానం అనిపిస్తుందని అవీ వద్దంది. ఇంకొన్ని మరీ చీకటిగా ఉన్నాయి. మధ్యాహ్నం దాటింది. దుకాణం అమ్మాయి మాత్రం విసుక్కోలేదు, తనూ మాతోపాటు ఆ భయపు బొమ్మలు చూడడం మొదలుపెట్టింది.

చివరికి అట్టడుగు అర నుంచి ఒక నీలం పెట్టె తీసింది. అన్నీ చలికాలపు బొమ్మలు. ఇవి ఇక్కడ ఎవరూ కొనరని, తెలుపు ఎక్కువని వెనక్కి పెడతారని చెప్పింది. అక్క వాటిలో చావు కార్డు తీసుకుంది. మంచు కప్పిన మైదానం, ఆకుల్లేని ఒక చెట్టు, దూరంగా వెళ్తున్న మనిషి వీపు, వెనక అడుగుల గుర్తులు. అంతే. బురుజు కూలుతోంది కానీ మెట్ల మీద జనం లాంతర్లు పట్టుకుని ఒకరినొకరు దింపుకుంటున్నారు. కత్తుల చోట చూరు నుంచి వేలాడే, గడ్డకట్టిన మంచు కొసలు ఉన్నాయి. వాటి కింద పడుకున్న మనిషి కాళ్ళ దగ్గర ఒక కుక్క ముడుచుకుని ఉంది.

అక్క వాటిని వెలుతురు కోసం తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. "కష్టం దాచిపెట్టలే. కాని మనిషిని ఒక్కన్ని ఇడిసిపెట్టలే," అంది.

మన ఊళ్ళో మంచు చూసినవాళ్ళెవరు, పిల్లలకు ఇది పరాయిగా ఉండదా అని నేను సందేహం చెప్పాను. తనకూ ఆ అనుమానం ఉందని ఒప్పుకుంది. అయినా కొనుక్కుంది.

ఇంట్లో బాలకిషన్ గారికి అవి నచ్చలేదు. ఇంత తెలుపు ఇంటికి మంచిది కాదన్నారు. అక్క వాదించలేదు. కార్డులను వారం పాటు బల్ల మీద పరిచి, రోజూ పొద్దున కూర్చుని చూసేది. పిల్లలకు మాత్రం చూపలేదు. తాను ఎంచుకున్నది సరైనదో కాదో ఆమెకే తేలలేదని నాకు తెలుస్తూనే ఉంది.

ఒక సాయంత్రం శ్రీదివ్య మా గేటు తీసుకుని వచ్చింది. పరీక్షకు ముందు ఒకసారి కనబడి పోదామని వచ్చిందట. బల్ల మీది కొత్త కార్డులు చూసి నిలబడిపోయింది. అక్క వాటిని గబగబా దగ్గరికి తీయబోయింది.

"ఉండనీయుండ్రి ఆంటీ. వీటిల ఆ కార్డు ఏది?" అంది శ్రీదివ్య.

అక్క ఒక్క క్షణం ఆలోచించి, తీసి ఆమె చేతికిచ్చింది. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని చాలాసేపు చూసింది.

"మా చేను గిట్లనే ఉంటది ఆంటీ," అంది చివరికి. "సోయా కోసినంక అంత బోడిగైతది. కొత్తోళ్ళు చూస్తే ఏం లేదనుకుంటరు. కాని అప్పటికే శెనగ ఏసి ఉంటం. దానికి వాన అక్కర్లే, మంచుకే పండుతది. మా బాపు పొద్దుగాల గిట్లనే పోతుండె, మంచుల మనిషి కనిపించకపోతుండె. ఎన్క అడుగులు మాత్రం కనిపిస్తుండె."

అక్క కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ అమ్మాయి వెళ్ళాక నాతో అంది, పరాయి దేశంలో కురిసేదాన్నీ మన చేలమీద పడేదాన్నీ కూడా మనం మంచు అనే అంటాం కదా, ఆ సంగతి ఇన్ని రోజులూ తట్టనేలేదని. మరునాటి నుంచి కొత్త కార్డులతో వరండాలో కూర్చుంది.

శ్రీదివ్యకు ఆ పరీక్షలోనూ ఉద్యోగం రాలేదు. వాళ్ళ నాన్న కోలుకున్నాడు. 2014లో సొంత జిల్లాలోనే పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసింది. ఆ కబురు హాస్టళ్ళలో పాకింది. అక్క పత్తలు పట్టుకుంటే ఉద్యోగం వస్తుందని పుకారు కూడా పుట్టింది. చిక్కడపల్లిలో కోచింగ్ సెంటర్ నడిపే ఒకాయన ఇంటికే వచ్చాడు. వారానికి రెండు రోజులు తమ సెంటర్‌లో కూర్చోమని, ఆమె పేరుతో బోర్డు పెడతామని, మంచి జీతం ఇస్తామని అడిగాడు. అప్పటికి బాలకిషన్ గారి దుకాణం అంత బాగా నడవడం లేదు. ఆయన తలుపు దగ్గర నిలబడి వింటున్నారు.

అక్క వచ్చినాయనకు టీ ఇచ్చి, మర్యాదగానే చెప్పింది. "ఆ పిల్ల చదివింది, ఆ పిల్లకొచ్చింది. బోర్డు పెడితే పిల్లలు చదువు ఇడిసిపెట్టి నా దిక్కు చూస్తరు. నాతోని కాదన్నా."

ఆయన ఇంకాసేపు నచ్చజెప్పడానికి చూసి వెళ్ళిపోయాడు. బాలకిషన్ గారు ఖాళీ కప్పులు తీసి లోపల పెట్టారు. కాసేపటికి రాంనగర్ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చి, ఇక్కడ కార్డులు చూసే ఆంటీ ఎవరని గేటు దగ్గర నన్ను అడిగింది. జర లోపలికి రా బిడ్డా, అని అక్క వరండాలోంచి పిలిచి, ఎదురుగా కుర్చీ వేసింది.