ఎనిమిదో గడిలో కుజుడు

ఫ్రేములో అక్షరాన్ని నడిమధ్యన నిలబెట్టడం చూసేవాళ్ళు అనుకున్నంత తేలిక కాదు. 'సెంటర్' అని నొక్కితే కంప్యూటరు తన లెక్క ప్రకారం ఒకచోట పెడుతుంది. ఆ లెక్క మన అక్షరాలను చూసి రాసింది కాదు. మన అక్షరానికి గుడి పైకి లేస్తుంది, ఒత్తు కిందికి వేలాడుతుంది, కొమ్ము పక్కకు సాగుతుంది. ఒక గడిలో అక్షరం పైగీతకు తల కొట్టుకుంటున్నట్టు ఉంటే పక్క గడిలోది కూలబడినట్టు ఉంటుంది. అందుకే ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో ఉన్న నా డీటీపీ అంగట్లో నేను బటన్ నొక్కి వదిలెయ్యను. తెర మీద పెద్దది చేసి, కంటితో కొలిచి, ఒక్కో అక్షరాన్ని ఇంత పైకి, ఇంత కిందికి జరుపుతాను.

ఈ పనితనం ఎక్కువగా ఖర్చయ్యేది జాతక చక్రాల మీద. జాతకం అబద్ధమని ఇరవయ్యేళ్ళ వయసు నుంచి వేదికలెక్కి వాదించినవాణ్ణి నేను. వ్యాసాలు రాసినవాణ్ణి. నా బతుకు మాత్రం ఆ చక్రాల మీదే నడుస్తోంది. ఒకప్పుడు పెళ్ళిపత్రికలు, కర్మ కార్డులు, అనుమసముద్రంపేట దర్గా దగ్గర అంగళ్ళవాళ్ళు వేయించే కరపత్రాలు చేతినిండా ఉండేవి. అవన్నీ ఫోన్లలోకి పోయినాయి. జాతకం మాత్రం పోలేదు. అది కాయితం మీద, రంగు అంచుతో, గీతలు కొట్టిన ఫ్రేములో ఉంటేనే మగపిల్లవాడి తరఫువాళ్ళు చేతిలోకి తీసుకుంటారు. సిద్ధాంతి చేత్తో రాసిచ్చింది వాళ్ళకు చిత్తుకాయితం. నేను అచ్చు వేస్తే అది నిజం.

చక్రం అంటే చతురస్రం చుట్టూ పన్నెండు గడులు. ఒక్కో గడి ఒక రాశి. పుట్టినవేళను బట్టి ఒక గడిలో లగ్నానికి గుర్తుగా 'ల' పెడతారు. మిగతా గడుల్లో గ్రహాలు పొడి అక్షరాలుగా కూర్చుంటాయి. 'ల' ఉన్న గడి నుంచి కుడివైపుగా లెక్కపెడుతూ పోతే 'కు', అంటే కుజుడు, రెండులోనో నాలుగులోనో ఏడు, ఎనిమిది, పన్నెండులోనో తగిలితే దోషం. పన్నెండు గడుల్లో అయిదు గడులు దోషమేనంటే ఊళ్ళో పిల్లల్లో సగానికి కాస్త తక్కువ మందికి అది ఉండి తీరాలి. ఇంతమందికి ఉన్నదాన్ని దోషమని ఎట్లా అంటారని ఉదయగిరిలో ఒక సభలో సిద్ధాంతులను నిలదీసినాను. ఆ సభలోనే ఇంకో సంగతి చెప్పినాను. నేను పని నేర్చుకున్న అంగట్లో ఒక చక్రంలో ఒకే గడిలో అయిదు గ్రహాలు పడినాయి. గడి చాలక చివరిదైన శని ఫ్రేము కిందికి జారి కనబడకుండా పోయినాడు. ఎవరూ చూసుకోలేదు. శని లేని జాతకంతోనే పొంతన కుదిరి పెళ్ళయింది, ఆ జంట మర్రిపాడులో లారీ కొనుక్కుని సుఖంగా ఉన్నారు. "శని ఎక్కడికి పోయినాడయ్యా అంటే ఫ్రేము బయటికి పోయినాడు" అన్నాను. జనం విరగబడి నవ్వినారు. ముందు వరుసలో కూర్చున్న మా అక్క కూడా నవ్వింది.

ఆ నవ్వు నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

అక్కను సీతారామపురం పక్క పల్లెకు ఇచ్చినారు. బావకు మెట్ట పొలం, గొర్రెల మంద. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నెల్లూరులో నర్సింగు చదువుతూ ఉండేది. ఇంకో ఏడాదికి చదువు పూర్తవుతుందనగా ఒక ఉదయం అక్క మొదటి బస్సుకే దిగింది. సిద్ధాంతి రాసిచ్చిన కాయితం నా బల్ల మీద పెట్టింది. కాలవ కింద మాగాణి ఉన్న ఇంటి నుంచి సంబంధం వచ్చిందని, పిల్ల ఫోటో నచ్చిందని, వాళ్ళు జాతకం అచ్చువేయించి పంపమన్నారని చెప్పింది. చూసినాను. తుల గడిలో 'ల'. అక్కడి నుంచి లెక్కపెడితే ఎనిమిదో గడిలో 'కు'.

అక్క గొంతు తగ్గించి అసలు విషయానికి వచ్చింది. లగ్నాన్ని ఒక్క గడి వెనక్కి, కన్యలోకి జరపమంది. పుట్టిన టైము రెండు గంటలు ముందని వేస్తే కుజుడు ఎనిమిది నుంచి తొమ్మిదికి పోతాడు, దోషం పోతుంది. ఇంత లెక్క ఎవరో చెప్పి పంపినారు. సిద్ధాంతిని అడిగితే, చూసిన టైముకు రాసింది తాను మార్చనన్నాడట.

ఆ టైము చూసింది నేనే. ఉదయగిరి ఆసుపత్రిలో, ఎండాకాలంలో, పొద్దు గూకేవేళ. లోపల అక్క, బయట బెంచీ మీద నేను. బావ మందతో ఎక్కడో ఉన్నాడు. దుర్గం కొండ మీద ఎండ ఇంకా ఎర్రగా ఉండగానే కింద వీధుల్లో నీడ పడింది. బిడ్డ ఏడుపు వినబడగానే గోడ గడియారం చూసినాను. జాతకం కోసం చూడలేదు. మేనమామనైనాననే సంతోషంలో చూసినాను. ఆ కాయితం మీదున్న మాటలన్నిట్లో నిజమైనది ఆ ఒక్క టైమే.

నేను మార్చనన్నాను. పెళ్ళికొడుకు వాళ్ళింటికి వచ్చి మాట్లాడతానన్నాను. అక్క వద్దని చెయ్యి ఊపింది.

"నీ ఉపన్యాసాలు వాళ్ళకాడ పెట్టబాకరా. కుజుడు లేడంటావు, శని ఫ్రేము బయటికి పోయినా ఏం కాలేదంటావు. లేనోణ్ణి ఒక గడి జరిపేదానికి నీకేంది కష్టం?"

వాదంలో ఓడిపోవడం నాకు కొత్త కాదు. నా వాదంతోనే నన్ను ఓడించినవాళ్ళు అంతకుముందు లేరు. రెండు రోజుల్లో ఇస్తానన్నాను.

ఆ రెండు రోజులూ నాతో నేను సభ పెట్టుకున్నాను. మార్చను అంటే ఏమవుతుంది? ఉత్త అక్షరానికి భయపడి వాళ్ళు పిల్లను వద్దంటారు. మూఢనమ్మకం గెలుస్తుంది, గెలిపించింది నేనవుతాను. మారిస్తే? అక్షరం చోటు మారితే పిల్ల బతుకు మారుతుందని నేనే సంతకం పెట్టినట్టు. పైగా రేపు ఆ పిల్ల జారి పడినా, జ్వరం వచ్చినా, దొంగ జాతకమని తెలిసి కుజుడి మీదే వేస్తారు. ఎటు పోయినా ఆ గీతల మధ్యే ఉన్నాను. చివరికి, అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో కొట్టి పిల్లను గట్టెక్కించడంలో తప్పు లేదని తేల్చుకున్నాను. ఆదివారం పొద్దున అంగడి తీసి, 'ల'ను తుల గడిలో చెరిపి కన్యలో పెట్టినాను. తులలో 'ల' పక్కన ఉండిన 'కే', అంటే కేతువు, ఒంటరిదై, దానంతట అదే జరిగి నడిమధ్యకు వచ్చి నిలబడింది. అక్కడ ఎప్పుడూ ఇంకో అక్షరం లేనట్టే ఉంది. నాకెందుకో ఒళ్ళు మండింది.

అప్పుడు మేనకోడలు వచ్చింది. నెల్లూరు బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, సంచీ భుజానే ఉంది. అమ్మ వచ్చిపోయిందా అని అడిగి, నేను జవాబు చెప్పకముందే తెర వైపు వంగింది. వేలు పెట్టి 'ల' నుంచి ఒక్కో గడీ లెక్కపెట్టుకుంటూ పోయింది.

"తొమ్మిది చేసినావే. మళ్ళా ఎనిమిది చెయ్యి మామా."

నాకు అర్థం కాలేదు. పెళ్ళి ఇష్టం లేదా అని అడిగినాను. పెళ్ళి మీద కోపం లేదంది. వాళ్ళింట్లో ఆడవాళ్ళు రాత్రి డ్యూటీలు చెయ్యరని ముందే చెప్పినారట, చదువు ఆపేసి ఈ వేసవిలోనే ముహూర్తం పెట్టుకుందామన్నారట. ఆ మాట మీ నాయనతో చెప్పమన్నాను. నువ్వు చెప్పలేకపోతే నేను వచ్చి చెప్తానన్నాను. ఆడపిల్ల చదువు మీద, హక్కు మీద నాకు నోటికొచ్చినవన్నీ చెప్పడం మొదలుపెట్టినాను. అడ్డుకోకుండా వినింది. చిన్నప్పటి నుంచి ఆ మాటలు వినడం దానికి అలవాటే.

"చెప్పినా మామా. రెండు మాట్లు చెప్పినా. నేను వద్దంటే పొగరంటాడు. కుజుడు వద్దంటే సరేనంటాడు."

అబద్ధం చాటున ఎన్నాళ్ళు దాక్కుంటావన్నాను. ఒక ఏడాది చాలంది. నువ్వు చెప్పేవన్నీ నిజాలే మామా, ఆ నిజాలతో మా నాయన మీద ఒక్కసారన్నా గెలిచినావా అని నవ్వుతూనే అడిగింది. బావ మీద నేనెన్నడూ గెలవలేదు. నేను మాట్లాడుతుంటే ఆయన గొర్రెల్ని అదిలించుకుంటూ పోతాడు.

"అమ్మకు చెప్పబాక" అని ఒట్టు వేయించుకుంది. ఒట్లను నమ్మని నేను ఒట్టు వేసినాను. ముప్ఫయ్యేళ్ళుగా నేను బద్దలు కొట్టాలని చూస్తున్న గడి ఇది. ఇందులోనే తలదాచుకుంటానని నా ఇంటి పిల్ల వచ్చి అడుగుతోంది. వద్దనడానికి నా దగ్గర ఏముంది? బయట దానికి ఇంకో చోటు చూపించగలిగితే కదా.

'ల'ను మళ్ళీ తులలో పెట్టినాను. 'కే' పక్కకు జరిగింది. ఎనిమిదో గడిలో 'కు', దాని పక్కన శుక్రుడి 'శు', రెండూ కొమ్ములున్న అక్షరాలు. ఎంత సెంటర్ చేసినా కుడివైపు ఒరిగినట్టే కనబడతాయి. వాటిని కొంచెం ఎడమకు లాగి, కొంచెం పైకెత్తి, కుదురుగా నిలబెట్టినాను. మేనకోడలు అచ్చయ్యేదాకా ఉండి, కాయితం చూసి, బాగుందని చెప్పి వెళ్ళిపోయింది.

అక్క మంగళవారం వచ్చింది. చదువు పెద్దగా లేకపోయినా గడులు లెక్కపెట్టడం వచ్చు. నిలబడే లెక్కపెట్టింది. వేలు ఎనిమిది దగ్గర ఆగింది. ఎందుకు మార్చలేదని అడిగింది. టైము నేను కళ్ళారా చూసింది అక్కా, మార్చనన్నాను. ఆ మాట నిజమే. కారణం మాత్రం అది కాదు. అక్క ముఖంలోకి చూడకుండా ప్రింటరు వైపు చూస్తూ చెప్పినాను.

"మేనమామవు. చీర పెట్టాల్సినోడివి. నువ్వే అడ్డం పడినావు కదరా."

కాయితం మడిచి చంకలో పెట్టుకుని పోయింది. సంబంధం తప్పిపోయింది. బావ తన కూతుర్ని ఏమీ అనలేదు. కుజుడు వద్దన్నాక ఆయన అనేదేముంది? కోర్సు పూర్తి చేసుకోనిచ్చినాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే అక్క కోపాన్ని భరించి ఊరుకునేవాణ్ణి. కానీ సీతారామపురం వైపు ఒక మాట పుట్టింది. మొదట మా అంగడికి వచ్చిన ఒక రైతు నోట విన్నాను. నేనెవరో తెలియక నాకే చెప్పినాడు. దేవుడు లేడు, జాతకం లేదని సభలు పెట్టే మనిషి ఆత్మకూరులో ఒకాయన ఉండాడంట, సొంత మేనకోడలి జాతకంలో కుజుణ్ణి కదిలించమంటే భయపడి ముట్టుకోలేదంట, ఆయనంతటోడే భయపడినాడంటే దోషం ఉండబట్టే కదా అన్నాడు. నేను ఆయన కూతురి చక్రానికి ఫ్రేము గీస్తూ ఉన్నాను. మిగిలిన గీతలు కొట్టి, అచ్చు తీసి ఆయన చేతికిచ్చినాను.

ఎంత సులువైన జవాబు! ఆ పిల్లే వద్దన్నదని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఎన్నోసార్లు రాయబోయినాను. రాస్తే అది బావ చెవిన పడుతుంది, చదువు ఆగుతుంది. నోరు కట్టేసుకుని కూర్చున్నాను. ఉపన్యాసానికి పిలిస్తే పోవడం తగ్గించినాను. పోయినా జాతకాల జోలికి పోకుండా నీళ్ళ గురించో బడుల గురించో మాట్లాడి దిగేవాణ్ణి. ఒకసారి ఉదయగిరి బస్టాండులో మా పిల్ల జాతకం రాసిన సిద్ధాంతి ఎదురైనాడు. ముసలాయన, ఒకప్పుడు నేను సభలో నిలదీసినవాళ్ళలో ఒకడు. చెయ్యి పట్టుకున్నాడు.

"ఎన్ని అనుకున్నా మన ఇద్దరికీ అబద్ధం చేతకాదు నాయనా" అన్నాడు.

ఎగతాళి చేసి ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. చెయ్యి విడిపించుకోలేక, బస్సు వచ్చేదాకా అట్లాగే నిలబడినాను.

గిరాకీ పెరిగింది. ఆ అంగట్లో గడి మారదంట, ఉన్నది ఉన్నట్టు వేస్తాడంట అని మర్రిపాడు నుంచి కూడా వస్తున్నారు. నా నిజాయితీకి దక్కిన పేరు ఇది. దానికి కారణం నిజాయితీ కాదని నాకూ, ఇంకొకరికీ తెలుసు. ఆ ఇంకొకరు ఇప్పుడు నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తోంది. రాత్రి డ్యూటీలు కూడా. ఇక రాసుకో మామా, అమ్మకు నేనే చెప్తానని పోయిన నెల ఫోనులో చెప్పింది. ఇంకా చెప్పినట్టు లేదు. అక్క నా అంగడి ముందు నుంచే బస్సులో పోతుంది, దిగదు.

నిన్న మర్రిపాడు వైపు నుంచి ఒక తండ్రి వచ్చినాడు. కూతురి చక్రం, తొందరగా కావాలన్నాడు. అక్షరాలు ఎక్కించుకుంటూ పోతే ఏడో గడిలో 'కు' పడింది. గీతలకు తగలకుండా దాన్ని మధ్యకు తెచ్చినాను. ఆయన నా వెనక నిలబడి, సార్ దాన్ని ఏమన్నా చెయ్యొచ్చా అని మెల్లగా అడిగినాడు. ఒకప్పుడైతే ఈపాటికి ఉపన్యాసం మొదలయ్యేది. కుర్చీ ఆయన వైపు తిప్పి, పిల్ల ఏం చదువుతా ఉండాది అని అడిగినాను.